మడమలు

మొదటి మంగళవారం. కొలతల రోజు.
వశిష్ఠ గట్టు కింద, పెచ్చులూడిన పాత చావిడి మా అంగన్వాడీ.
గోడకి పసుప్పచ్చ టేపు అంటించి ఉంటుంది.
దానికి జానెడు పక్కన, నా తలకంటే పైన,
నేను పుట్టిన ఏడు గోదారి వదిలివెళ్ళిన మట్టి గీత.
సున్నం ఎన్నిసార్లు వేయించినా
ముసురు పట్టగానే మళ్ళీ తేలుతుంది.

దీవెన వంతు వచ్చింది.
మూడేళ్ళు నిండి పదకొండు రోజులు.
చెప్పులు విప్పమంటే విప్పింది గాని
గోడకి వీపు ఆనించగానే
మెల్లగా మడమలు లేపింది.
ఎవరు నేర్పారో.
పొడుగు పిల్లలకి ఏదో ఇస్తారనుకుందో ఏమో,
ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి
కాలివేళ్ళ మీద వణుకుతూ నిలబడింది.

దించు తల్లీ, అన్నాను.
దించలేదు.
రెండు చేతులతో పట్టి నేనే దించాను.
ఎనభై మూడు.

వాళ్ళమ్మ సువార్త తెల్లారగట్ల నాలుగింటికే
రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కేసింది.
ఐసులో చేతులు పెట్టి తలలు తీస్తుంది, కిలోకి ఇంత అని.
రాత్రి పిల్లకి అన్నం కలిపేటప్పుడు
వేరే ఉప్పు అక్కర్లేదంటుంది, నానిన వేళ్ళు చూపించి.
ఆ షెడ్డుకి వచ్చే రొయ్యకి
వారం వారం వల విసిరి బరువు చూస్తారు.
పది రోజులు సైజు రాకపోతే
భీమవరం నుంచి టెక్నీషియను ఆఘమేఘాల మీద దిగుతాడు,
చెరువు నీళ్ళు సీసాలో పట్టుకెళ్తాడు.
రాత్రంతా ఫ్యాన్లు తిరుగుతాయి
దానికి ఊపిరాడాలని.
ఇవతల పేటలో బోరు నీళ్ళు టీ రంగులో వస్తాయి.
వాటి కోసం ఎవరూ సీసా తేలేదు.
దీవెనకి నెలకి రెండుసార్లు విరేచనాలు.
తిన్నది ఒంటపట్టేలోపే వెళ్ళిపోతుంది.

మా రకమే పొట్టండీ, అంటుంది నాన్నమ్మ.
తండ్రి యేసుపాదం కౌలు చేస్తాడు, హాస్యగాడు:
"పొట్టి వరి గాలికి పడిపోదు టీచరుగారూ,
ఆయ్, మా పిల్లా అంతే."
నేనూ నవ్వాను.
ఇంటికెళ్ళాక ఆ నవ్వు మింగుడు పడలేదు.
వరిని పొట్టి చేసినవాళ్ళు
కాండంలో తగ్గించిన బలాన్ని గింజలోకి పంపారు.
దీవెనలో తగ్గింది ఎక్కడికి పోయిందో
నా దగ్గరున్న ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

ఫోన్‌లో అంకె కొట్టాను.
ఎర్రగా అడిగింది:
ఎత్తు తగ్గింది, సరిచూడండి.

తగ్గలేదు.
మార్చిలో, మన సెంటర్లో ఎర్రవి ఎక్కువయ్యాయమ్మా
అని సూపర్వైజరు గారు ఫోన్ చేసిన సాయంత్రం,
కొలవకుండా ఎనభై ఏడు కొట్టింది నేనే.
ఇప్పుడీ గదిలో
పిల్లకంటే నా అబద్ధం
నాలుగు సెంటీమీటర్లు పొడుగు.

ఎనభై ఎనిమిది కొడితే ఊరుకుంటుంది.
మీటింగులో నన్నెవరూ నిలబెట్టరు.
ఇచ్చేది అదే గుడ్డు.
ఇంటికెళ్ళి నాలుగు ముక్కలయ్యేదీ అదే గుడ్డు.

దీవెన ఇంకా గోడకి ఆనుకునే ఉంది.
తల తిప్పి మట్టి గీత చూసింది.
"అది ఎవరిది?"
నీళ్ళది.
"ఎన్నేళ్ళు?"
ఒక్క రాత్రే, అన్నాను.
కాసేపు ఆలోచించి,
"ఏం తిందీ?"

కాగితం రిజిస్టరు తెరిచాను.
మార్చి గడిలో ఎనభై ఏడు కొట్టేశాను.
దాని పక్కన ఏం రాయాలో తెలీలేదు.
ఆ రోజు దీవెన ఎంతుందో
ఇక ఎవరికీ తెలీదు.
ఈ నెల గడిలో పెన్ను నొక్కి ఎనభై మూడు రాశాను,
అవతలి పేజీ మీద కూడా అచ్చు పడేలా.

ఫోన్ అడుగుతూనే ఉంది.
గుమ్మం దగ్గర దీవెన
కుడిదీ ఎడమదీ తారుమారుగా తొడుక్కుంటోంది.
పోయినేడాది చెప్పులు.
ఇంకా సరిపోతున్నాయి.